పేషెంట్ ఎంగేజ్‌మెంట్ అంటే యాప్ వేసుకోవడమేనా?

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు చెప్తాను. నాన్నగారికి 64 ఏళ్లు, మిర్యాలగూడ దగ్గర పల్లెలో ఉంటారు. పదేళ్లుగా షుగర్, మూడేళ్లుగా బీపీ. మీ ఉద్యోగం హైదరాబాద్‌లో. చూపించుకునే ప్రైవేటు ఆసుపత్రివాళ్లు 'పేషెంట్ ఎంగేజ్‌మెంట్ ప్రోగ్రామ్' అని ఒక యాప్ ఇస్తే మీ ఫోన్‌లో వేసుకున్నారు. రిపోర్టులు అందులోకే వస్తున్నాయి, గోలీ వేళకు గంట కొడుతోంది. అయినా షుగర్ దిగట్లేదు. మొన్న దసరాకు ఊరెళ్తే బీరువాలో చింపని నిండు గోలీల షీట్లు రెండు కనబడ్డాయి. నాన్నగారేమో రోజూ వేసుకుంటున్నానంటారు. అసలు ఈ ఎంగేజ్‌మెంట్ అంటే ఏంటి, మాకెందుకు పనిచేయట్లేదు, యాప్ తీసేయాలా అని అడిగారు.

నేను 26 ఏళ్లు సర్కారు దవాఖానల్లో నర్సుగా చేశాను. మొదట పాలమూరు జిల్లా, తర్వాత నల్గొండ జిల్లా. చివరి తొమ్మిదేళ్లు బీపీ, షుగర్ క్లినిక్‌లోనే. డాక్టర్‌ను కాదు కాబట్టి మందుల సంగతి మీ డాక్టర్‌తోనే తేల్చుకోండి. మిగతాది నేను చూసిందే చెప్తున్నాను.

పేషెంట్ ఎంగేజ్‌మెంట్ అంటే జబ్బు ఎవరిదో ఆ మనిషికి తన వైద్యంలో చెయ్యి ఉండటం. తనకేం జబ్బో తెలియాలి. అర్థం కానిది అడగగలగాలి. ఈ మందా ఆ మందా, ఆపరేషన్ ఇప్పుడా తర్వాతా అన్న దగ్గర తన మాట కూడా ఉండాలి. ఇంటికెళ్లాక చేయగలిగింది చేయాలి, చేయలేనిది దాచకుండా వచ్చి చెప్పాలి. ఇవన్నీ జరిగేలా దవాఖానవాళ్లు మసలుకోవడం కూడా అందులో సగం పని. తెలుగులో 'రోగి భాగస్వామ్యం' అని రాస్తుంటారు. యాప్ ఇందులో ఒక పనిముట్టు, అంతే.

మీ ఇంట్లో ఇప్పుడు నడుస్తున్నది మీ ఎంగేజ్‌మెంట్. నాన్నగారిది ఇంకా మొదలు కాలేదు.

పైన చెప్పిన వాటిలో నాకు అన్నిటికంటే ముఖ్యమైంది చివరిది, దాచకుండా చెప్పడం. ఇది నాకు ఏ ట్రైనింగ్‌లోనూ రాలేదు, ఒక పెద్దమ్మ వల్ల వచ్చింది. ఆమె దేవరకొండ వైపు నుంచి బస్సెక్కి వచ్చేది. బీపీకి అమ్లోడిపిన్, నెలకు 30 గోలీలు ఇచ్చేవాళ్లం. "రోజూ వేసుకుంటున్నవా పెద్దమ్మా?" అంటే "ఏసుకుంటున్న బిడ్డా" అనేది. చూస్తే 180 మీద 100. డాక్టర్‌గారు డోసు పెంచారు. వచ్చే నెల మళ్లీ అంతే. ఇంకో మందు కలిపారు. ఆ పై నెలా అంతే. ఒకరోజు ఓపీ చీటీ కోసం సంచిలో వెతుకుతుంటే నాలుగు నెలల షీట్లు జారి కింద పడ్డాయి. ఒక్కటీ చింపలేదు.

నేనేం చేశానో రాయడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. అందరి ముందు అరిచాను. "సర్కారు మందులు ఊరికే వస్తున్నయనుకున్నవా" అన్నాను. ఆమె షీట్లన్నీ ఏరుకుని, ఒక్క మాట మాట్లాడకుండా వెళ్లిపోయింది. నాలుగు నెలలు రాలేదు.

చివరికి ఆ ఊరి ఆశ వర్కర్ ఆరా తీస్తే సంగతి బయటపడింది. మొదటి నెల వేసుకుంది. కాళ్లు వాచాయి. పక్కింటివాళ్లు "గోలీలు కిడ్నీలు తింటయ్, అందుకే వాస్తున్నయ్" అన్నారు, భయపడి ఆపేసింది. అమ్లోడిపిన్ వేసుకునేవాళ్లలో కొందరికి పాదాల దగ్గర వాపు రావడం అందరికీ తెలిసిన సంగతే, అది కిడ్నీ పాడవడం కాదు. డోసు తగ్గించో, మందు మార్చో డాక్టర్ రెండు నిమిషాల్లో సర్దుతారు. ఆ రెండు నిమిషాల ముచ్చట మా గదిలో జరగలేదు. చెప్తే తిడతారని ఆమె అనుకుంది, దొరికిన రోజున నేను తిట్టనే తిట్టాను.

ఇందులో ఇంకో ప్రమాదం ఉంది, చాలామంది దాన్ని పట్టించుకోరు. వేసుకోని మందును వేసుకుంటున్నామని చెప్తే డాక్టర్ డోసు పెంచుతూ పోతారు. మందు సరిపోలేదనే కదా ఆయన అనుకునేది. ఆ పెద్దమ్మ ఎవరో బెదిరించారని ఒకరోజు పొద్దున మొత్తం గోలీలు మొదలుపెట్టి ఉంటే బీపీ ఒక్కసారిగా పడిపోయి బావి దగ్గరో, బాత్‌రూమ్‌లోనో పడిపోయేది. మీ నాన్నగారి విషయంలోనూ ఇదే జాగ్రత్త. బీరువాలో మిగిలిన గోలీలను రేపటినుంచి అన్నీ వేసుకోమని ఫోన్‌లో గట్టిగా చెప్పకండి. ఏవి ఎన్నాళ్లుగా మానేశారో డాక్టర్‌కు తెలిశాకే మొదలుపెట్టాలి. షుగర్ గోలీల్లో, ఇన్సులిన్‌లో అయితే ఇది మరీ ముఖ్యం.

ఆ తర్వాత నేను ప్రశ్న మార్చాను. "రోజూ వేసుకుంటున్నవా?" అంటే వచ్చే జవాబు ఒక్కటే. "అందరికీ కొన్ని మిగులుతయి, నీకు ఎన్ని మిగిలినయి?" అని అడగడం మొదలుపెట్టాను. జనం లెక్క చెప్పడం మొదలుపెట్టారు. ఆరు, పది, "సగం మిగిలినయ్ సిస్టరమ్మా". మొదట్లో భయమేసింది, ఇన్నాళ్లూ మేం ఏం వైద్యం చేసినట్టు అని. ఆ పెద్దమ్మ కూడా తిరిగి వచ్చింది, మందు మార్చారు. తర్వాత తర్వాత కుర్చీలో కూర్చోకముందే "ఈసారి మూడు మిగిలినయ్ బిడ్డా, పెండ్లికి పోయిన" అని తనే చెప్పేది.

ఇది చదువు లేని పల్లెవాళ్ల జబ్బు అనుకోకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లో ఇచ్చిన నివేదిక ప్రకారం బాగా డబ్బున్న దేశాల్లో కూడా దీర్ఘకాలిక జబ్బులవాళ్లలో దాదాపు సగం మందే మందులు చెప్పినట్టు వాడుతున్నారు. మా క్లినిక్‌కు వచ్చే టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు కూడా ఇదే తీరు. కాకపోతే వాళ్లు ఇంకొంచెం నమ్మకంగా అబద్ధం చెప్తారు.

ఇక 'అర్థమైందా?' అనే మాట. మన దవాఖానల్లో దీన్ని మించిన పనికిరాని ప్రశ్న లేదు. తల ఊపుతారు, "అయింది సారూ" అంటారు, బయటికొచ్చి మందుల కౌంటర్ దగ్గర నిలబడి పక్కవాళ్లను అడుగుతారు. దీనికి ఒక ఉపాయం ఉంది. చెప్పినదాన్ని వాళ్ల నోటితో మళ్లీ చెప్పించుకోవాలి. పరీక్ష పెట్టినట్టు కాదు. "నేను సరిగ్గ చెప్పిన్నో లేదో చూద్దాం, ఇంటికి పోయినంక కోడలికి ఏం చెప్తవ్?" అని. తప్పు చెప్తే ఆ తప్పు నాది, మళ్లీ చెప్తాను.

అట్లా అడిగితేనే తెలిసిన ఒక కేసు. నాగర్‌కర్నూల్ వైపు రైతు, షుగర్‌కు గ్లిమిపిరైడ్. చీటీ మీద 'పొద్దున, టిఫిన్‌కు ముందు' అని ఉంది. ఇంటికెళ్లి ఏం చేస్తావన్నా అంటే, "పొద్దుగాల ఐదింటికి లేస్త, గోలీ ఏసుకుంట, బాయికాడికి పోత" అన్నాడు. మరి తినేది? "పదిన్నరకు, పదకొండింటికి సద్ది తెస్తరు." ఆ గోలీ వేసుకున్నాక తిండి ఆలస్యమైతే షుగర్ పడిపోతుంది. నాట్ల రోజుల్లో రెండుసార్లు చెమటలు పట్టి, చేతులు వణికి గట్టు మీద కూలబడ్డాడట. ఇంట్లోవాళ్లు ఎండదెబ్బ అనుకున్నారు, ఒకసారి దిష్టి కూడా తీశారు. డాక్టర్‌గారు గోలీని సద్ది వేళకు మార్చారు. చెమట, వణుకు వస్తే వెంటనే నోట్లో వేసుకోవడానికి జేబులో చక్కెర పొట్లం పెట్టుకోమన్నారు. అంతటితో అయిపోయింది. ఆ చీటీ రాసిన డాక్టర్ తప్పు చేయలేదు. టిఫిన్ అనేది ఆ ఇంట్లో లేదని ఆయనకెట్లా తెలుస్తుంది? ఆ మనిషి రోజు ఎట్లా గడుస్తుందో ఆ మనిషి చెప్తేనే తెలిసేది.

పాలమూరులో ఉన్నప్పటి ఇంకొక సంగతి. టీబీకి మామూలుగా ఆరు నెలల మందులు. అందులో రిఫాంపిసిన్ ఉంటుంది, అది వేసుకుంటే మూత్రం నారింజ రంగులో వస్తుంది. హాని లేదు. ఒక తమ్ముడికి ఈ ముక్క ఎవరమూ చెప్పలేదు. రక్తం పోతోందని రెండో వారంలోనే ఆపేసి, మేస్త్రీతో పుణెకు పనికి పోయాడు. పాలమూరు వలస సంగతి తెలిసిందే కదా, అడ్వాన్స్ తీసుకున్నాక ఆగడానికి ఉండదు. పోయినచోట కూడా సర్కారు దవాఖానలో మందులు అందేలా మార్పించుకోవచ్చు. అందుకు "నేను పోతున్న" అని ఒక్క మాట చెప్తే చాలు. చెప్తే ఆపేస్తారని చెప్పలేదు. మూడు నెలలకు మనిషి సగమై తిరిగొచ్చాడు, మందులు మళ్లీ మొదటినుంచి. ఇప్పుడు టీబీ ఉన్నవాళ్లకు పోషకాహారానికి నెలకు డబ్బు కూడా ఇస్తున్నారు, 2018లో 500 రూపాయలతో మొదలైంది, 2024 నవంబర్ నుంచి 1000. మంచిదే. కానీ ఆ తమ్ముడు ఆపింది డబ్బు లేక కాదు, రంగు చూసి.

ఎంగేజ్‌మెంట్ అనే మాట పుస్తకాల్లోకి ఎట్లా వచ్చిందో కూడా రెండు మాటలు. ఆలోచన పాతదే. 1978లో అప్పటి సోవియట్ యూనియన్‌లోని ఆల్మా-ఆటా నగరంలో ప్రాథమిక వైద్యం మీద జరిగిన అంతర్జాతీయ సదస్సు ప్రకటనలోనే, తమ ఆరోగ్య సేవలను రూపొందించడంలో, నడపడంలో పాల్గొనడం జనానికి హక్కు, బాధ్యత కూడా అని రాశారు. 2004లో అమెరికాలో జుడిత్ హిబ్బర్డ్ అనే పరిశోధకురాలు, ఆమె తోటివారు దీన్ని కొలవడానికి ఒక కొలబద్ద తయారు చేశారు. అందులో నాలుగు మెట్లు. నా ఆరోగ్యంలో నా పాత్ర ఉంది అని నమ్మడం మొదటిది. తెలివిడి, ధైర్యం రెండోది. చేతల్లోకి దిగడం మూడోది. ఇంట్లో కష్టమొచ్చినా, పండగొచ్చినా ఆ అలవాటు విడవకపోవడం నాలుగోది. యాప్ గంట మూడో మెట్టువాళ్లకు పనికొస్తుంది. మొదటి మెట్టు దగ్గర ఉన్న మనిషికి గంట కొడితే విసుగు పుడుతుంది. మీరు రాసినదాన్నిబట్టి నాన్నగారు ఇంకా మొదటి మెట్టు దగ్గరే ఉన్నారు. "వాడు చూసుకుంటున్నాడు కదా" అనే నిశ్చింతలో ఉన్నారేమో కూడా.

ఇది ఒక్క మనిషికి సంబంధించిందే కాదు, ఊరికి కూడా వర్తిస్తుంది. మా నల్గొండ పేరు ప్రపంచంలో రెండు విధాలుగా తెలుసు. ఒకటి ఫ్లోరోసిస్, అంటే తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు పాడయ్యే జబ్బు. రెండోది దానికి విరుగుడుగా నాగ్‌పూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు తయారు చేసిన 'నల్గొండ టెక్నిక్'. నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ లెక్క ప్రకారం కలిపి, తేర్చి, వడగట్టి తాగడం. ఆఫ్రికా దేశాల్లో కూడా వాడి చూశారు. అందులో రసాయనశాస్త్రం సరైనదే. కానీ రోజూ ఎవరో ఒకరు కొలిచి కలపాలి, అడుగున చేరిన మడ్డి తీసి పారబోయాలి, కొలత తప్పితే రుచి మారుతుంది. నాట్లకు, కలుపుకు పోయే ఇంట్లో ఆ పని ఎవరు చేస్తారు? మర్రిగూడ, చండూరు వైపు వంకర తిరిగిన కాళ్లతో ఉన్నవాళ్లను చూసినప్పుడల్లా ఇదే అనుకునేదాన్ని. ఎముకలు ఒకసారి వంగాక గోలీతో సరికావు, నీళ్ల దగ్గరే ఆపాలి. తర్వాత కృష్ణా నీళ్లు నల్లాల్లో వచ్చాయి, ఇంట్లోవాళ్లు ప్రత్యేకంగా చేయాల్సింది ఏమీ లేకుండా పోయింది. అదే మేలు చేసింది. జనం చేయాల్సిన పని ఎంత తక్కువ ఉంటే అంత మంచిది, ఎంగేజ్‌మెంట్ పేరుతో ఆ బరువు పెంచకూడదు.

దీని చుట్టూ కొన్ని జాగ్రత్తలున్నాయి. ఈ మాటను అడ్డం పెట్టుకుని తప్పంతా పేషెంట్ మీదకు నెట్టేవాళ్లను చాలామందిని చూశాను. "మేం చెప్పాం, వాళ్లు వినలేదు, ఎంగేజ్‌మెంట్ లేదు" అని ఫైల్లో రాసేస్తారు. మందులు స్టాకు లేని నెల, పొద్దున్నుంచి లైన్లో నిలబెట్టి మధ్యాహ్నం రేపు రమ్మన్న రోజు లెక్కలోకి రావు. ఒక రోజు కూలి పోతుంది ఆ మనిషికి.

అందరూ నిర్ణయాలు తీసుకోవాలని కోరుకోరు కూడా. "మీరే చెప్పండి సారూ, మీకు తెల్వనిదా" అనేవాళ్లు మన దగ్గర ఎక్కువ. అది కూడా వాళ్ల నిర్ణయమే, గౌరవించాలి. ఏం జరగబోతోందో మాత్రం చెప్పాలి. గుండెపోటు వచ్చినప్పుడు కూర్చుని చర్చించే టైమ్ ఉండదు, అప్పుడు 108కు ఫోన్ చేయడమే.

క్యాన్సర్ దగ్గర ఇంకో చిక్కు. కొడుకులు తలుపు బయట ఆపి "అమ్మకు చెప్పొద్దు" అంటారు. నేను సూటిగా కాదనేదాన్ని కాదు. అమ్మనే అడిగేదాన్ని, "రిపోర్టుల సంగతి నీకు చెప్పాల్నా, పెద్దోనికి చెప్పాల్నా?" అని. "వానికే చెప్పు" అన్నవాళ్లున్నారు. "నాకు తెల్సు బిడ్డా, వాళ్లకు తెల్వదనుకుంటున్న" అన్న ఆమె కూడా ఉంది.

హక్కుల ముచ్చట క్లుప్తంగా, ఎందుకంటే ఇది ఎవరూ చెప్పరు. మీ మెడికల్ రికార్డులు రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి, 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లోనే ఉంది. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో తయారు చేసిన రోగుల హక్కుల పత్రంలో 17 హక్కులున్నాయి. ఆపరేషన్‌కు ముందు అదేంటో, వేరే దారులేమున్నాయో, ప్రమాదమెంతో చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలని సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసులో స్పష్టంగా చెప్పింది. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్‌లో మొదట వచ్చిన మూడు జిల్లాల్లో మన పాలమూరు ఒకటి. డబ్బుల్లేక ఆగిపోయిన ఆపరేషన్లు అయ్యాయి, కళ్లారా చూశాను. కానీ "ఏడ సంతకం పెట్టాలె?" అనే ప్రశ్న తప్ప "దేనికి పెట్టాలె?" అని అడిగినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే.

ఇక మీరు చేయగలిగినవి.

ఈ వారం నాన్నగారికి ఫోన్ చేసి గోలీలు ఎన్ని మిగిలాయో అడగండి. ఎన్ని చెప్పినా "అట్లనా" అని ఊరుకోండి. వెంటనే ఉపన్యాసం మొదలుపెడితే మళ్లీ జీవితంలో లెక్క చెప్పరు. ఆ తర్వాత ఏ గోలీ పడట్లేదో అడగండి. మెట్‌ఫార్మిన్‌తో కడుపులో తిప్పడం, ఎనాలప్రిల్ లాంటి బీపీ మందులతో పొడిదగ్గు, అమ్లోడిపిన్‌తో కాళ్ల వాపు, నేను ఎక్కువగా విన్నవి ఇవి. ఏదో ఒకటి బయటికి వస్తుంది.

డాక్టర్ దగ్గరికి వెళ్లే రోజు ఇంట్లో ఉన్న మందులన్నీ ఒక సంచిలో వేసుకెళ్లండి. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన మోకాళ్ల నొప్పుల గోలీలు కూడా. షుగర్, బీపీ ఉన్నవాళ్లు నొప్పి గోలీలు రోజూ మింగితే కిడ్నీలకు దెబ్బ, బీపీ కూడా పెరుగుతుంది. పెద్దాయన దాన్ని మందుగా లెక్కపెట్టరు, అందుకే చెప్పరు.

డాక్టర్ గదిలో దగ్గరి కుర్చీలో నాన్నగారిని కూర్చోబెట్టండి, మీరు వెనక నిలబడండి. మొదటి ఐదు నిమిషాలు నోరు మెదపకండి. ఇది చాలా కష్టం, నాకు తెలుసు, మా నాన్న విషయంలో నేనే ఉండలేకపోయాను. ప్రతి మందుకూ మూడు సంగతులు ఆయనతోనే అడిగించండి: ఇది దేనికి, దీంతో ఏం ఇబ్బంది రావచ్చు, ఒకపూట మర్చిపోతే ఏం చేయాలి. ఎప్పుడు ఆగకుండా దవాఖానకు రావాలో కూడా. బయటికొచ్చాక బస్టాండ్‌లో చాయ్ తాగుతూ "డాక్టర్ ఏమన్నడు నాన్నా?" అని అడగండి, మీరు విననట్టు.

ఒక్కసారే అన్నీ మార్చమనకండి. అన్నం మానెయ్, చాయ్ మానెయ్, పొద్దున్నే నడువు, రాత్రి రొట్టె తిను అంటే నాలుగూ పోతాయి. ఏది మార్చగలరో ఆయన్నే ఒకటి ఎంచుకోమనండి. జొన్న రొట్టె తినడం మన వైపు కొత్తదేం కాదు, ఆయన చిన్నప్పటి తిండే, అక్కడ మొదలుపెట్టొచ్చు. ఎంత తినాలన్నది మాత్రం డాక్టర్‌ను అడిగే తినాలి, రొట్టె కదా అని నాలుగు లాగిస్తే అన్నంతో సమానమే.

గోలీ గుర్తుండటానికి మా క్లినిక్‌లో చాలామందికి పనిచేసింది గోడ క్యాలెండర్. వేసుకున్న రోజు పెన్నుతో గీత. మనవరాలు ఉంటే ఆ పని ఆమెకు అప్పగించండి, తాత తప్పించుకోలేడు. గీత లేని రోజులను చూసి ఎవరూ ఏమీ అనొద్దు, క్యాలెండర్ చించి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లడమే.

యాప్ తీసేయాలా అని అడిగారు కదా, తీసేయకండి. పాత రిపోర్టులు ఒకచోట ఉంటాయి, మూడు నెలల షుగర్ సగటు ఎట్లా మారుతోందో కనబడుతుంది. ఆ గంట ఒక్కటి మీ ఫోన్‌లో ఆపేయండి. మిర్యాలగూడలో వేసుకోవాల్సిన గోలీకి హైదరాబాద్‌లో గంట కొడితే మీకు టెన్షన్ తప్ప ఆయనకేం వినబడదు.